పాత సామాను శీర్షిక: సిగ్నల్ దీపాల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో మా ఇంటి మెట్ల మలుపులో వేలాడే నాలుగు ముఖాల ట్రాఫిక్ సిగ్నల్ గురించి కాస్త రాశాను. పాత రేడియోల మీద రాసినప్పుడు రానన్ని ఉత్తరాలు దానికి వచ్చాయి. ఎండలో తిట్టుకుంటూ ఆగే దీపం మీద చెన్నైలో ఇంతమంది తెలుగువాళ్లకు మోజుందని అనుకోలేదు. కొత్తవాళ్ల కోసం ఒక మాట: నేను ఓ కాంట్రాక్టరు దగ్గర వైర్‌మన్‌గా పనిచేసినవాణ్ని. నిచ్చెన వేసుకుని సిగ్నల్ బల్బులు మార్చడమే నా ఉద్యోగం. రిటైరయ్యాక వాటినే ఇంట్లో పెట్టుకుని తుడుచుకుంటున్నాను. అందుకని నా జవాబుల్లో వైరింగు ఎక్కువ, కవిత్వం తక్కువ. ఒకే రకం ప్రశ్నలు ఒకచోట కలిపేశాను.

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడ పాత సామాన్ల సంతలో మూడు దీపాల సిగ్నల్ ఒకటి కొన్నాడు. ఒంటి మీద 'క్రౌస్ హైండ్స్, సిరక్యూస్' అని పోతలోనే అక్షరాలున్నాయట. సంక్రాంతికి తెస్తానంటున్నాడు. ఎలా తేవాలి? తెచ్చాక మన కరెంటుకు వెలుగుతుందా?
— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విల్లివాక్కం

సార్, మీవాడు మంచి సరుకే పట్టాడు. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ అనే ఊరి కంపెనీ అది. సిగ్నళ్లు పోగేసేవాళ్లు మొదట అడిగే పేర్లలో అదొకటి. మొలీన్ ఊరి ఈగిల్, షికాగో డార్లీ, న్యూయార్క్ మార్బలైట్, లాస్ ఏంజలెస్ ఎకొనోలైట్, ఇవన్నీ ఆ కోవలోవే.

తేవడం సంగతి. అల్యూమినియం పోత సిగ్నల్‌ను అలాగే పెట్టెలో కుక్కితే దారిలో లెన్సులు పగులుతాయి. ఇవి విప్పడానికి వీలుగా చేసిన వస్తువులే, లేకపోతే మాలాంటివాళ్లు స్తంభం మీద బల్బెలా మారుస్తాం? ఒక్కో దీపానికి ఒక్కో గది, గదికో తలుపు, తలుపుకు రెక్కల నట్లు ఉంటాయి. ముందు పైన ఉండే రేకు టోపీలు విప్పమనండి. తర్వాత తలుపుల్లోంచి గాజు లెన్సులు తీసి, ఒక్కోదాన్ని వేరేగా తువ్వాలులో చుట్టి చేతి సంచిలో పెట్టుకోమనండి. రిఫ్లెక్టర్లు కూడా అంతే. మిగిలిన పోత ఒళ్లు పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టొచ్చు. ఒక పెట్టెకు 23 కిలోల పరిమితి కదా, ఒకే పెట్టెలో సరిపోతుందో లేదో తూచి చూసుకోమనండి, అవసరమైతే గదులు విడదీసి రెండు పెట్టెల్లో సర్దొచ్చు. కొన్న బిల్లు, విప్పకముందు తీసిన ఫోటో, రెండూ కాగితం మీద ప్రింటు తీసుకుని పైన పెట్టుకోవాలి. తెర మీద గుండ్రటి లోహపు గదులు, వైర్లు కనిపిస్తే ఎయిర్‌పోర్టులో ఎవరైనా అడుగుతారు. ఫోటో చూపిస్తే నవ్వి వదిలేస్తారు. బిల్లు కస్టమ్స్ వాళ్లకు.

ఇక కరెంటు. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. దానితో వచ్చిన బల్బును మన ప్లగ్గులో పెట్టారంటే టప్పుమంటుంది. అయితే వోల్టుల కన్నా నాకు లోపలి వైరు మీదే భయం ఎక్కువ. పాత సిగ్నళ్లలో బల్బు వేడికి తట్టుకోవడానికి గుడ్డ తొడుగు వైరు వాడేవారు, కొన్నింట్లో ఆ తొడుగులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ముట్టుకుంటే పిండిలా రాలే బూడిదరంగు తొడుగు కనిపిస్తే గోకొద్దు, ఊదొద్దు, వాక్యూమ్ పెట్టొద్దు. మాస్కు వేసుకుని, నీళ్లు చిలకరించి తడిపి, వైరును ముక్కలు చేయకుండా పూర్తిగా లాగి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో వేసి మూతి కట్టేయాలి. అసలు వైరే ఉండాలని పట్టుబట్టేవాళ్లున్నారు. వాళ్లతో నేను వాదించను, వాళ్లింటికి మాత్రం పోను.

వైరు, హోల్డరు కొత్తవి వేయించండి. నా మాట వింటే 230 వోల్టులు సిగ్నల్ ఒంట్లోకి రానివ్వకండి. బయట గోడ దగ్గర ఒక 12 వోల్టుల అడాప్టర్ పెట్టి, లోపల 12 వోల్టుల ఎల్‌ఈడీ బల్బులు వేయండి. సోలార్ సామాన్లు అమ్మేచోట మర హోల్డరు బల్బులు ఈ వోల్టేజీలో దొరుకుతాయి. కాదు, 230యే కావాలంటే లోహపు ఒంటికి ఎర్తు తప్పనిసరి, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. మనవలు ముట్టుకునే ఎత్తులో వేలాడదీస్తారు కదా.

ప్రశ్న: సార్, నేను పుదుపేట పాత సామాన్ల బజారులో ఒక పాత సిగ్నల్ కొని ఎల్‌ఈడీ బల్బులు వేశాను. ఎరుపు మసగ్గా ఉంది, పచ్చ కాస్తా నీలంగా కనిపిస్తోంది, నారింజ ఒక్కటే ఫర్వాలేదు. పైగా లెన్సు మధ్యలో ఒక చుక్క మాత్రమే వెలుగుతోంది. అద్దాలు మార్చమంటారా?
— ఐటీ ఉద్యోగి, పెరుంగుడి

అద్దాల జోలికి పోవద్దు బాబూ! తప్పు బల్బుది.

ఆ అద్దం రంగు పాత ఫిలమెంటు బల్బు కోసం కలిపింది. ఫిలమెంటు వెలుగు పసుపు. పసుపు వెలుగు నీలం కలిసిన పచ్చ గాజులోంచి వస్తే బయటికి చక్కటి పచ్చ కనిపిస్తుంది. మీరు వేసింది తెల్లటి 'కూల్ డే' బల్బు అయి ఉంటుంది. అందులో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. అందుకే పచ్చ గాజు నీలమైంది, ఎర్ర గాజులోంచి బయటికి రావడానికి ఎరుపే కరువైంది. డబ్బా మీద 2700 కెల్విన్ అని రాసి ఉన్న 'వార్మ్' బల్బు వేయండి.

చుక్క సంగతి వేరు. సిగ్నల్లో బల్బు వెనక నుంచి అడ్డంగా, రిఫ్లెక్టర్ మధ్య రంధ్రంలోంచి లోపలికి వస్తుంది. ఫిలమెంటు సరిగ్గా రిఫ్లెక్టర్ కేంద్రంలో కూర్చుంటుంది. వెలుగు పక్కలకు పోయి రిఫ్లెక్టర్‌కు తగిలి, సమాంతరంగా తిరిగొచ్చి లెన్సు అంతా నిండుతుంది. సిగ్నల్ కోసమే చేసిన బల్బులు ఉండేవి, మెడ పొడుగు కొలత తేడా రానిచ్చేవారు కాదు. వాటి ఫిలమెంటు లావు, లారీల అదురుకు తెగకుండా ఎక్కువ కొక్కాలతో కట్టేవారు. అమెరికాలో వాటిని 8,000 గంటలకు లెక్కగట్టి చేసేవారు. ఇంట్లో వాడే మామూలు ఫిలమెంటు బల్బుది 1,000 గంటలే. మీ ఎల్‌ఈడీ బల్బు సగం ప్లాస్టిక్ బుడ్డి, వెలుగంతా ముందుకే కొడుతుంది, రిఫ్లెక్టర్‌ను తాకదు. దానికి మందు ఉంది: గాజు బుడ్డిలో పసుపు పుల్లల్లా కనిపించే ఫిలమెంటు తరహా ఎల్‌ఈడీ బల్బు. అది చుట్టూ వెలుగిస్తుంది. హోల్డరును కొద్దిగా ముందుకూ వెనక్కూ జరిపి చూడండి, ఒకచోట లెన్సు మొత్తం ఒక్కసారిగా నిండుగా వెలుగుతుంది. అక్కడ బిగించేయండి.

ఇంకొకటి. లెన్సు అంచు మీద 'టాప్' అని అక్షరాలుంటాయి చూడండి. లెన్సు వెనక గీతలు, గళ్లు అందానికి కాదు, వెలుగును కిందికి, కార్లు నడిపేవాళ్ల కళ్లలోకి వంచడానికి. 'టాప్' పైకి లేకపోతే వెలుగు పోయి చింతచెట్టు మీద పడుతుంది. బజారులో నేను చూసిన సిగ్నళ్లలో చాలావాటికి ఇది తలకిందులుగానే ఉంది.

ప్రశ్న: మన దేశంలో మొదటి ట్రాఫిక్ సిగ్నల్ బెంగళూరులో పెట్టారని మా బావమరిది, మద్రాసులో అని నేను. వంద రూపాయల పందెం. పనిలో పనిగా ప్రపంచంలో మొదటిదేదో కూడా చెప్పండి.
— ఓ పాఠకుడు, టి.నగర్

వంద మీదే. ఎగ్మూరు కూడలిలో 1953లో పెట్టినదాన్నే దేశంలో మొదటిదిగా చెబుతారు. బెంగళూరు కార్పొరేషన్ సర్కిల్‌కు 1963లో వచ్చింది. బావమరిది దగ్గర డబ్బు వసూలు చేసుకుని మాట్లాడండి.

ప్రపంచంలో మొదటిది అంటే ఏది మొదలు అనుకుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. లండన్‌లో పార్లమెంటు ఎదుట 1868 డిసెంబరులో ఒకటి నిలబెట్టారు. జాన్ పీక్ నైట్ అనే రైల్వే అధికారి ఆలోచన అది. పగలు రైలు సిగ్నల్ లాగా చేతులు లేచి దిగేవి, రాత్రి గ్యాసుతో ఎర్ర, పచ్చ దీపాలు. పోలీసు పక్కన నిలబడి తిప్పేవాడు. నెల తిరక్కుండానే, 1869 జనవరిలో గ్యాసు లీకై పేలింది, తిప్పే పోలీసుకు గాయాలయ్యాయి. దాన్నక్కడితో కట్టిపెట్టారు.

కరెంటువి అమెరికావే. సాల్ట్ లేక్ సిటీలో లెస్టర్ వైర్ అనే పోలీసు అధికారి 1912లో చెక్క డబ్బాకు రంగు దీపాలు బిగించాడు. క్లీవ్‌ల్యాండ్‌లో 1914 ఆగస్టు 5న జేమ్స్ హోజ్ రూపం ఇచ్చినది మొదలైంది. దానికి ఎరుపు, పచ్చ మాత్రమే, రంగు మారేముందు గంట మోగేది. నారింజ ఎక్కడిదంటే డెట్రాయిట్‌ది. అక్కడి పోలీసు విలియం పాట్స్ రైలు సిగ్నళ్లు చూసి 1920లో మూడు రంగులు, నాలుగు ముఖాలు కలిపాడు. ఆ సిగ్నల్ ఇప్పుడు డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. గారెట్ మోర్గన్ అనే నల్లజాతి మేధావి 1923లో పేటెంటు పొందినది చేతులు తిప్పే సిగ్నల్. ట్రాఫిక్ లైటు కనిపెట్టింది ఆయనేనని చాలామంది రాస్తుంటారు. అది నిజం కాదు. కానీ ఆగు, పో అనే రెండింటి మధ్య నాలుగు వైపులా అందరినీ ఆపే మూడో స్థితి తన సిగ్నల్లో పెట్టాడు. ఇంగ్లండుకు ఆటోమేటిక్ సిగ్నల్ 1927లో వుల్వర్‌హ్యాంప్టన్‌లో వచ్చింది.

ఒక పిట్టకథ కూడా వినండి. పైన చెప్పిన సిరక్యూస్‌లోనే టిప్పరరీ హిల్ అని ఐరిష్ వాళ్లు ఎక్కువగా ఉండే చోటుంది. తమ పచ్చరంగు కింద, ఇంగ్లీషువాళ్ల ఎరుపు పైన ఉండటమేంటని అక్కడి కుర్రాళ్లు ఎర్ర దీపాన్ని రాళ్లతో పగలగొడుతూ ఉండేవారట. ఊరు ఓడిపోయింది. ఇవాళ్టికీ అక్కడ పచ్చ పైన, ఎరుపు కింద.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా ఆయన ఇప్పటికి మూడు సిగ్నళ్లు ఇంటికి తెచ్చారు. బాల్కనీలో కూర్చుని ఉప్పు కాగితంతో రంగు గీకుతున్నారు. దుమ్మంతా ఇంట్లోకే. నాలుగేళ్ల పాప ఉంది. మా ఇల్లు సముద్రానికి దగ్గర, స్క్రూలు ఊడటం లేదని పూటకో టెన్షన్. మీ మాటంటే వింటారు, కాస్త చెప్పండి.
— ఓ గృహిణి, తిరువాన్మియూర్

చెల్లెమ్మా, ఈ పేజీ చించి ఆయన కాఫీ కప్పు కింద పెట్టు.

బావగారూ, ఇప్పుడే ఆపండి. పాత సిగ్నళ్ల మీది ఆ పసుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. పొడిగా గీకితే దుమ్ము గాలిలో కలుస్తుంది, నేల మీద పడుతుంది, నాలుగేళ్ల పిల్ల నేల మీదే ఆడుతుంది, చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఈ విషయంలో 'కొద్దిగా అయితే ఏం కాదు' అనేది లేదు. ఇప్పటిదాకా పడిన దుమ్ము చీపురుతో ఊడ్చవద్దు, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. పాపకు ఒకసారి రక్తపరీక్ష చేయించడం మంచిదేమో మీ డాక్టరును అడగండి.

అదలా ఉంచి, అసలు రంగు ఎందుకు గీకుతున్నారు? స్తంభం మీద ఉన్నన్నాళ్లూ దానికి పడిన పూతలన్నీ దాని జాతకం. ముదురు ఆకుపచ్చ మీద పసుపు, పసుపు మీద నలుపు, ఏ ఊళ్లో ఎప్పుడు ఏం వేశారో తెలిసినవాడు వాటిని బట్టి చెబుతాడు. గీకేసి కొత్త ఎనామిల్ కొట్టిస్తే మెరుస్తుంది, నిజమే, పెళ్లి పందిట్లో పెట్టుకోవచ్చు. నేనైతే సబ్బునీళ్లతో కడిగి, ఆరాక పైన పారదర్శకమైన పూత ఒకటి వేసి ఊరుకుంటాను. రాలుతున్న రంగు కూడా దానికింద అణుగుతుంది.

స్క్రూల సంగతి. మీది సముద్రపు గాలి. అల్యూమినియం ఒంట్లో ఇనుప స్క్రూ, మధ్యలో ఉప్పు తేమ, ఇంకేముంది, రెండు లోహాలూ తినుకుని తెల్లటి సున్నంలా గట్టిపడి అతుక్కుపోతాయి. బలం పెట్టి తిప్పితే స్క్రూ తల తెగుతుంది, లేదా పోత చీలుతుంది. చొచ్చుకుపోయే నూనె చుక్కలు వేసి రాత్రంతా వదలండి. పొద్దున చిన్న సుత్తితో స్క్రూ తల మీద మెల్లగా తట్టండి. హెయిర్ డ్రయ్యర్‌తో చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయండి. అది ఇనుము కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు వదులుతుంది. మొదట కొంచెం బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు. మళ్లీ బిగించేటప్పుడు స్టీలు స్క్రూలకు గ్రీజు రాసి పెట్టండి. బాల్కనీలో మాత్రం ఉంచకండి, లోపల గదిలో పెట్టుకోండి.

లెన్సులను గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డతో కడగండి. యాసిడ్ వద్దు. రిఫ్లెక్టర్ గాజుదైతే వెనక వెండిపూత ఉంటుంది, దాన్ని తడపనే వద్దు. అల్యూమినియం రిఫ్లెక్టర్‌ను పీచుతో తోమితే మళ్లీ ఆ మెరుపు రాదు. చెల్లెమ్మా, గిన్నెలు తోమే పీచు ఆయనకు దొరకకుండా దాచేయి.

ప్రశ్న: మా ఏరియాలో కాయలాంకడై (పాత ఇనుప సామాన్ల కొట్టు) అతను 'జంక్షన్లో తీసేసిన సిగ్నల్, తూకం ధరకే ఇస్తా' అంటున్నాడు. కొనొచ్చా? పురాతన వస్తువుల చట్టం దీనికి వర్తిస్తుందా?
— కాలేజీ లెక్చరర్, అంబత్తూరు

రెండో ప్రశ్నకు ముందు జవాబు. 1972 నాటి పురావస్తువుల చట్టం మామూలుగా నూరేళ్లు దాటినవాటికి. మన ఊళ్లో మొదటి సిగ్నలే 1953ది, కాబట్టి మన రోడ్ల మీద తీసేసినవేవీ అందులోకి రావు.

మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క మాట: కాగితం. స్తంభం మీద ఉన్నంతకాలం అది ప్రభుత్వ ఆస్తి. పద్ధతిగా తీసేసినదైతే వేలానికి వస్తుంది. ప్రభుత్వ శాఖల పాత సామాన్లు చాలావరకు ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆన్‌లైన్ వేలంలో పోతుంటాయి. ఆ కొట్టువాడు వేలంలో కొన్నవాడి దగ్గర కొని ఉంటే, ఎక్కడో ఒకచోట లాటు నంబరుతో రసీదు ఉంటుంది. దాని కాపీ అడగండి, మీకూ బిల్లు రాయించుకోండి. 'కాగితమెందుకు సార్' అన్నాడా, నమస్కారం పెట్టి వచ్చేయండి. దొంగ సరుకని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద కొన్నవాడూ నేరస్థుడే. వాన పడ్డ రాత్రి కూలిన స్తంభం తెల్లారేసరికి కొట్లో తేలడం ఈ ఊరికి కొత్తేం కాదు.

కాగితం వల్ల ఇంకో లాభం ఉంది. ఏ జంక్షన్‌దో తెలిసిన సిగ్నల్‌కు, ఎక్కడిదో తెలియని సిగ్నల్‌కు విలువలో చాలా తేడా. కాగితం సిగ్నల్ లోపలే, తలుపు వెనక ప్లాస్టిక్ కవరులో అంటించి ఉంచండి.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా మామయ్య అమెరికా నుంచి పాత సిగ్నల్ కంట్రోలర్ (దీపాలను సమయానికి మార్చే డబ్బా) తెచ్చారు. లోపల మోటారు, పళ్ల చక్రం, క్యామ్ షాఫ్టు (గుబ్బల చక్రాలున్న ఇరుసు) ఉన్నాయి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే నడుస్తోంది కానీ టైమింగు తప్పుతోంది. ఎందుకు?
— ఓ విద్యార్థి, గిండీ

ఈ నెల నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే నాన్నా. చాలామంది సిగ్నల్ తలకాయే కొంటారు, బుర్ర ఉండే డబ్బాను తూకానికి వదిలేస్తారు.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మార్చింది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ సెకనుకు 60 ఆవృత్తులు, ఇక్కడ 50. నీ కంట్రోలర్లో ఉన్నది సింక్రనస్ మోటారు, అది కరెంటు ఫ్రీక్వెన్సీతో కలిసి తిరుగుతుంది. కాబట్టి ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతోంది. 60 సెకన్ల సైకిల్ (దీపాలన్నీ ఒక చుట్టు మారే సమయం) నీ టేబుల్ మీద 72 సెకన్లు పడుతుంది. కొలిచి చూడు, సరిగ్గా అంతే వస్తుంది. మోటారు కూడా మామూలు కన్నా వేడెక్కుతుంది, గంటల తరబడి వదిలేయకు.

దాని పని తీరు చూడు, ఎంత తెలివో. మోటారు ఒక డయలును తిప్పుతుంది. డయలు అంచున గాడులున్నాయి కదా, వాటిలో చిన్న తాళాలు ('కీ' అనే చిన్న ముక్కలు) గుచ్చి ఉంటాయి. తాళం వచ్చి మీటను తాకినప్పుడల్లా క్యామ్ షాఫ్టు ఒక మెట్టు తిరుగుతుంది. క్యాములు కాంటాక్టులను నొక్కుతాయి, దీపం మారుతుంది. పచ్చ ఎక్కువసేపు కావాలంటే తాళాన్ని రెండు గాడులు అవతల గుచ్చడమే. మొత్తం సైకిల్ పెంచాలంటే పళ్ల చక్రం మార్చాలి. ప్రోగ్రామింగ్ అంటే మాకు ఇదే, స్క్రూడ్రైవర్‌తో.

సరైన వేగం కావాలంటే రెండు దారులు. యాభైకి సరిపడేలా పళ్ల చక్రాన్ని మార్చడం ఒకటి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ ఇచ్చే చిన్న ఇన్వర్టర్ వాడటం రెండోది, ప్యూర్ సైన్ వేవ్ అయి ఉండాలి. నేను రెండోదే చెబుతాను, యంత్రాన్ని ముట్టుకోనక్కర్లేదు.

కంట్రోలర్ లేనివాళ్లకు ఎలక్ట్రానిక్ సామాన్ల రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది. ఆర్డ్యునో బోర్డు (ప్రోగ్రాము రాసుకునే చిన్న కంప్యూటర్ బోర్డు) ఒకటి, నాలుగు రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్చుల) బోర్డు ఒకటి కొంటే చాలు. మన దగ్గర వరస ఎరుపు, పచ్చ, నారింజ, మళ్లీ ఎరుపు. బ్రిటిష్ సిగ్నల్ అయితే ఎరుపు తర్వాత ఎరుపు, నారింజ రెండూ కలిసి వెలిగి, ఆ తర్వాత పచ్చ రావాలి. ఆ ముక్క కోడులో రాయకపోతే లండన్ సిగ్నల్ మౌంట్ రోడ్డు సిగ్నల్ అయిపోతుంది. 12 వోల్టుల ఎల్‌ఈడీలకు రిలే అక్కర్లేదు, మాస్‌ఫెట్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ స్విచ్చు) చాలు అని మీ ప్రొఫెసర్ అంటారు. నిజమే. కానీ రిలే టక్కుమంటుంది, ఆ టక్కు కోసమైనా రిలే వేయి.

ప్రశ్న: అసలు ధర ఎంత పెట్టొచ్చు? ఏది అరుదైనది?
— చాలామంది

ధర చెప్పను. చెబితే రేపు పుదుపేటలో అదే కనీస ధర అవుతుంది. ఏది చూసి పెట్టాలో చెబుతాను: అద్దం. ఒంటికి రంగు వేయొచ్చు, వైరు మార్చొచ్చు, టోపీ రేకుతో చేయించొచ్చు, లెన్సు మాత్రం పగిలితే మళ్లీ పోతపోసేవాడు మన చుట్టుపక్కల లేడు. అంచున కంపెనీ అక్షరాలు చూడండి. పిట్స్‌బర్గ్ దగ్గరి కాప్, ఇంకా కార్నింగ్, ఇవి పేరున్న గాజులు. ఎర్ర అద్దంలో 'స్టాప్' అని అక్షరాలు పోతలోనే ఉంటే ఆనందించండి, అంటించినవైతే జేబు మూసుకోండి. గోటితో కొడితే గాజు ఖంగుమంటుంది, ప్లాస్టిక్ టొకటొకమంటుంది. తర్వాతి కాలంలో వచ్చిన పాలికార్బనేట్ (గట్టి ప్లాస్టిక్) ఒంటివి తేలిక, చవక, మొదలుపెట్టడానికి చెడ్డవేం కాదు.

అరుదైనవంటే నాలుగు ముఖాలూ ఒకే పోతలో ఉన్నవి. ఇంకా లాస్ ఏంజలెస్‌లో ఒకప్పుడు గంట మోగిస్తూ 'స్టాప్', 'గో' చేతులు చాపిన ఆక్మే సిగ్నళ్లు. మెల్‌బోర్న్ మార్షలైట్ మరీ అపురూపం. గుండ్రటి రంగుల పలక మీద గడియారం ముల్లు తిరుగుతూ, పచ్చ ఇంకా ఎంతసేపు ఉంటుందో నడిపేవాడికి ముందే చూపించేది. ఇప్పుడు మన సిగ్నళ్ల పక్కన అంకెలు తగ్గుతూ ఉంటాయే, దానికి తాతగారు. ఇలాంటివి మ్యూజియాల్లో చూసుకోవడమే, మన బడ్జెట్‌లో వచ్చేవి కావు.

ఇంట్లో చోటు లేనివాళ్లు లెన్సులు మాత్రమే పోగేయండి. 8 అంగుళాల గుండ్రటి గాజు, పుస్తకాల బీరువాలో ఇరవై పడతాయి. కిటికీ దగ్గర పెడితే ఎండే బల్బు పని చేస్తుంది.

ప్రశ్న: మాది వీధి మలుపులో ఇల్లు. గేటు మీద సిగ్నల్ పెట్టి సాయంత్రాలు వెలిగిద్దామని ఉంది. అందంగా ఉంటుంది కదా?
— వ్యాపారి, కొళత్తూరు

అందంగానే ఉంటుంది, మీ మలుపులో ఎవడో సడన్ బ్రేకు కొట్టేదాకా. రోడ్డు నుంచి కనిపించేలా ఎరుపు, పచ్చ దీపాలు వెలిగించకూడదు. నడిపేవాడికి అది మీ ముచ్చట అని తెలియదు. ఆర్పేసి పెట్టినా లాభం లేదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా లెన్సులో పడితే లోపలి రిఫ్లెక్టర్ దాన్ని వెనక్కి కొడుతుంది, ఆరిపోయిన దీపం కూడా వెలిగినట్టే కనిపిస్తుంది. అసలు సిగ్నళ్లకు పైన ఆ టోపీలు పెట్టడానికి ఒక కారణం అదే. హాల్లో పెట్టుకోండి, కిటికీలోంచి రోడ్డు మీదికి కనిపించని గోడకు. కొక్కెం మాత్రం కాంక్రీటు స్లాబుకే వేయించండి, ఫాల్స్ సీలింగుకు కాదు.